వెనక నుంచి వచ్చే చెయ్యి

సభాధ్యక్షులు మా సేనాధిపతి గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, రేపు పొద్దున్నే విమానం ఎక్కబోతున్న నా దళానికి, వాళ్లని కని పెంచి మాకు అప్పగించిన అమ్మానాన్నలకు, వాళ్లని కట్టుకున్న పాపానికి మమ్మల్ని తిట్టుకుంటూ బతుకుతున్న భార్యలకు, భర్తలకు, ముందు వరుసలో కూర్చుని ఈయన ఎప్పటికి ముగిస్తాడా అని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచీ పెద్దలు నా గురించి చెబుతున్నవి వింటుంటే, ఇంత గొప్పవాడు వెళ్లిపోతుంటే మీరంతా ఎలా ఊరుకున్నారయ్యా అని నాకే మీ మీద కోపం వచ్చింది. (నవ్వులు) చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఇన్నేళ్లూ నా మాట వినడమే మీ ఉద్యోగం కాబట్టి మీరు నాకు మరీ లోకువైపోయారు. ఇవాళ్టితో మీకు ఆ బాధ తీరిపోతుందా లేదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది ఈ సభలోనే తేలాలి.

సంగతేమిటంటే, పోయిన వారం మన అధ్యక్షుల వారు నన్ను పిలిచి ఒక కుర్చీ చూపించారు. మంచి కుర్చీ. నా మోకాళ్లకి హాయిగా ఉండే కుర్చీ. చల్లటి గది, గోడ నిండా తెరలు. డ్రోన్లు పైనుంచి పంపే బొమ్మలన్నీ ఆ తెరల మీద కనిపిస్తాయి. మన ఒక్కొక్క సైనికుడూ ఒక పచ్చచుక్క. బల్ల మీద ఒక మైకు. అందులో మాట్లాడితే ఎక్కడో యుద్ధంలో ఉన్న కమాండర్ చెవిలో వినిపిస్తుంది. “పిల్లలు వెళ్తున్నది నిజమైన యుద్ధానికి. నీ మోకాళ్లు దూకలేవు సరే, నీ కళ్లకీ గొంతుకీ ఏం రోగమయ్యా? రిటైర్‌మెంట్ కాగితాలు నేను ఆపుతాను, కొన్నాళ్లు ఉండిపో” అన్నారు ఆయన. ఈ సభ ముగిసేలోగా జవాబు చెప్పమన్నారు. నేనింకా చెప్పలేదు. అందుకే ఆయన నా వంక అలా చూస్తున్నారు. చెబుతాను సార్, అందరి ముందూ చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

మనం కూర్చున్న ఈ హాలు పారాచూట్లు మడతపెట్టే హాలని మీ అందరికీ తెలుసు. పొడుగు బల్లలన్నీ గోడవారకి జరిపి కుర్చీలు వేశారు. ఇక్కడి బట్ట వాసన నాకు మా ఇంటి వాసన కంటే ఎక్కువ అలవాటు. అది నా తప్పేనని మా ఆవిడ అంటుంది, నేను ఒప్పుకుంటాను.

వచ్చిన బంధువుల్లో విమానంలోంచి దూకని అదృష్టవంతులు చాలామంది ఉన్నారు కనక వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. దూకే ముందు విమానంలో అందరం ఒకరి వెనక ఒకరం నిలబడతాం. మన వీపు మీద ఉన్నది మనకు కనపడదు. వెనకవాడే చూడాలి. అందుకని ప్రతివాడూ తన ముందున్నవాడి పట్టీలు, ముడులు చూసి, బాగున్నాయనుకుంటే వాడి భుజం మీద చరిచి “సరే!” అని అరుస్తాడు. ఆ చరుపు అందరికంటే వెనక ఉన్నవాడి దగ్గర మొదలై ఒక్కొక్క భుజమే దాటుకుంటూ ముందుకొస్తుంది. తలుపు దగ్గర మొదట నిలబడేవాడు కమాండర్. అది మా ఆచారం. చివరి చరుపు అతని భుజం మీద పడిందంటే వెనకున్న వాళ్లంతా సిద్ధమని అర్థం. ఇక దూకడమే.

ఇన్నేళ్లూ ఆ మొదటి చోటు నాదే. గొప్ప చోటని అందరూ అనుకుంటారు గానీ ఆ చోటుకి ఒక శాపం ఉంది. ముందు నిలబడినవాడు తనవాళ్లు దూకడం ఎన్నడూ చూడలేడు. నాకు కనిపించేది ఆకాశం. మీరు నాకు తెలిసింది ఒక చెయ్యిగా. ఆ చెయ్యి మా హవల్దారు బరువుచెయ్యిది.

ఆ పేరు వినగానే, శిక్షణలో ఆయన దెబ్బ తిన్నవాళ్లు కొందరు వెనక వరుసల్లో భుజాలు తడుముకుంటున్నారు. (నవ్వులు) నాకు కనిపిస్తూనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకి చెబుతున్నాను, మా హవల్దారు అసలు పేరు జీతాల ఆఫీసులో తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆయన ఎప్పుడూ నా వెనకే నిలబడేవాడు. ఆయన చరిస్తే విమానంలోంచి నేను దూకానో, ఆయన దెబ్బకి పడ్డానో నాకే తెలిసేది కాదు. “మెల్లగా తట్టవయ్యా” అని బతిమాలితే, “మెల్లగా తడితే మీకు అనుమానం వస్తుంది సార్, వెనక ఎవరైనా ఉన్నారా లేరా అని” అనేవాడు.

ఇప్పుడు ఆ వంతెన సంగతి. నా గురించి గొప్పగా చెప్పిన పెద్దలందరూ ‘ఆయన వంతెన యుద్ధంలో విజయం సాధించారు’ అన్నారు. అవును, సాధించాను. చెట్టు మీద నుంచి సాధించాను. (నవ్వులు)

నదికి అవతలి ఒడ్డున ఒక ఆసుపత్రి. రోగులు, నర్సులు, డాక్టర్లు ఇవతలకి రావాలంటే ఉన్నది ఆ ఒక్క వంతెనే. శత్రువు దాన్ని పేల్చేలోగా మేము పట్టుకోవాలి. దూకాం. దూకిన తరవాత గాలి లేచింది. ఎవరు ఎక్కడ పడ్డారో ఎవరికీ తెలియదు. నేను తిన్నగా పోయి అడవిలోకల్లా పొడుగైన చెట్టుకి తగులుకున్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకి అన్నాడట వెనకటికొకడు, నాకు ఆ పాటి సాకు కూడా లేదు. మోకాలు మడతపడింది. పట్టీలు కోసుకుంటే కిందపడి చస్తాను. కోసుకోకపోతే గబ్బిలంలా వేలాడాలి. మొత్తం దళానికి సేనాని, యుద్ధం సాగినంతసేపూ గబ్బిలమై వేలాడాడు. కిందపడ్డా నాదే పైచేయి అంటారు, నేను కనీసం కింద కూడా పడలేదు! (పెద్దగా నవ్వులు)

వేలాడుతూ ఊరుకున్నానా? లేదు. నాయకుణ్ని కదా, ఆజ్ఞలు ఇచ్చాను. రేడియోలో గొంతు చించుకుని, “ఎవరూ వంతెన దగ్గరికి పోవద్దు, అందరూ అడవి అంచున కలవండి, మనుషులు కూడాక కదులుదాం” అని అరిచాను. పాఠాల ప్రకారం అది సరైన ఆజ్ఞే. పరీక్షలో రాస్తే నూటికి నూరు వేస్తారు. కానీ శత్రువు మా రేడియోలన్నీ మూగబోయేలా చేశాడు. నా మాట గుయ్యిమనే మోతలో కలిసిపోయింది.

అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మాలో ఒక్క మనిషి గాలికి ఎక్కడికో కొట్టుకుపోయి వంతెనకి దగ్గరగా పడింది. అప్పటికి లెఫ్టినెంట్. బరువు లేని మనిషి కాబట్టి అందరం పిచ్చుక అనేవాళ్లం. ఇప్పుడు కూడా అంటాం, కాకపోతే రేపటి నుంచి ‘కమాండర్ పిచ్చుక గారు’ అనాలి. (చప్పట్లు) ఆమెకి తోడుగా దొరికింది ఎవరనుకున్నారు? ఒక వంటవాడు, రేడియో పోగొట్టుకున్న రేడియోవాడు, నన్ను వెతుక్కుంటూ బయల్దేరి దారి తప్పిన బరువుచెయ్యి. ఆజ్ఞ లేదు, బలగం లేదు. వచ్చిన పని ఏమిటో మాత్రం తెలుసు. ఆ గుప్పెడు మందితో పోయి వంతెన పట్టుకుంది. ఆఖరి స్ట్రెచర్ ఇవతలకి వచ్చేదాకా వదల్లేదు.

సాయంత్రం నా చెట్టు కిందికి వచ్చింది. మొహమంతా మసి. తలెత్తి నాకు సెల్యూట్ చేసింది. తలకిందులుగా ఉన్నవాడికి సెల్యూట్ ఎలా చెయ్యాలో పాఠాల్లో లేదు, అయినా చేసింది.

“వంతెన మన చేతిలోనే ఉంది సార్. రోగులందరూ దాటారు” అంది. హెల్మెట్ తీసి, “అవతలి కొసన బరువుచెయ్యి గారు నిలబడ్డారు సార్. ఆయన రాలేదు” అంది.

(బయట విమానం ఇంజన్ల మోత)

పరీక్షిస్తున్నారు. రేపటి కోసం. ఆగనివ్వండి, చెబుతాను.

నా రేడియో ఆ రోజు పనిచేసి ఉంటే వాళ్లు నా మాట విని అడవి అంచుకి వచ్చేవారు. బరువుచెయ్యి ఇవాళ ఈ హాల్లో కూర్చుని నా ప్రసంగానికి ఆవలిస్తూ ఉండేవాడు. వంతెన ఉండేది కాదు. అవతలి ఒడ్డున ఉన్నవాళ్లూ ఉండేవారు కాదు. ఇది నేను ఇటు తిప్పి అటు తిప్పి ఎన్నిసార్లు చూసుకున్నా ఇంతే. ఆయన్ని తలుచుకుంటే నా మాట వినిపించి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆ స్ట్రెచర్లని తలుచుకుంటే, హమ్మయ్య, వినిపించలేదు అనిపిస్తుంది. రెండూ నిజమే.

అందుకే అధ్యక్షుల వారు ఆ కుర్చీ చూపించినప్పుడు నాకు నోరూరింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఈసారి నా మాట వినిపిస్తుంది, ఈసారి ఎవరూ పోరు అనుకున్నాను. ఇంటికి వెళ్లి మా ఆవిడకి చెప్పాను. “మీరు వెళ్తే నాకు బెంగ, ఇంట్లో ఉంటే నాకు తలనొప్పి, ఏదో ఒకటి తేల్చుకుని చెప్పండి, దాన్ని బట్టి మందు కొనుక్కుంటాను” అంది. (నవ్వులు) నవ్వించింది గానీ, పక్క గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకోవడం చూశాను. ఇన్నేళ్లలో నేను బయల్దేరిన ప్రతిసారీ అలాగే పక్క గదిలోకి వెళ్లేదేమో. నాకు తెలియదు. నేను గుమ్మం వైపు తిరిగి ఉండేవాణ్ని.

మర్నాడు పిచ్చుక మా ఇంటికి వచ్చింది. కుర్చీ సంగతి ఆమెకీ తెలిసింది. తిన్నగా కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా, “సార్, మీరు నా చెవిలో ఉంటే నేను మీ మాటే వింటాను” అంది.

“వింటే మంచిదేగా అమ్మా?”

“అదే నా భయం సార్. మీ మీద గౌరవంతో వింటాను. నా కళ్లెదుట ఉన్నది వదిలేసి మీకు తెర మీద కనిపించేదాన్ని నమ్ముతాను. ఆ సిగ్నల్ తెగిపోతే ఏం చెయ్యాలో తోచక నిలబడిపోతాను.”

నాకు కోపం వచ్చింది. ఎంత లేదన్నా నేను పెంచిన పిల్ల. బయటికి ఏమీ అనకుండా, తిన్నగా ఈ హాలుకి వచ్చాను. వదిన ఆ మూల మిషను దగ్గర పారాచూట్ చిరుగు కుడుతోంది. వదిన అంటే బరువుచెయ్యి భార్య, ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇక్కడే కుట్టుపని చేస్తోంది. ఆమెకి మొత్తం చెప్పాను. ఆమె కూడా ‘ఉండిపో, పిల్లల్ని కాపాడు’ అంటుందనే చెప్పాను. ఆమె తలెత్తకుండానే అడిగింది.

“చూడు మరిదీ, ఆయన చెయ్యి నీ భుజం మీద ఎందుకు పడేది?”

“అంతా సిద్ధం, దూకమని.”

“ఆగమని ఎప్పుడైనా పడిందా?”

“లేదు వదినా.”

“మరి ఆయన పేరు చెప్పి ఆ పిల్లని ఆపడానికి కుర్చీ ఎక్కుతావా?” అంది. దారం పళ్లతో తెంపి, మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఏడ్చాను. ఆమె కుడుతూనే ఉంది. ఏడుపు అయ్యాక మంచినీళ్లు ఇచ్చింది.

సార్, ఆ కుర్చీ నాకు వద్దు. అదీ నా జవాబు. నా కాగితాల మీద సంతకం పెట్టెయ్యండి. (అధ్యక్షులు తల ఊపారు. చప్పట్లు) ఆ కుర్చీలో మరెవరైనా కూర్చుంటారు, కూర్చోవాలి కూడా. ఇప్పటి యుద్ధానికి ఆ తెరలు కావాలి. వాళ్లకి నాదొక్కటే మనవి. మీకు కనిపించింది ఆమెకి చెప్పండి. ఏం చెయ్యాలో ఆమెకి వదిలెయ్యండి. పచ్చచుక్కకి చెమట పట్టడం తెర మీద కనపడదు. ఆ చెమట పక్కన నిలబడినవాళ్లకే తెలుస్తుంది.

పిచ్చుకా, నీకు సలహాలేమీ ఇవ్వను. నాకు భయంగా ఉంది, అది మాత్రం చెబుతాను. ఎన్నోసార్లు తలుపు దగ్గర నిలబడ్డాను గానీ ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. దూకేవాడికంటే, దూకేవాళ్లని పంపేవాడికి భయం ఎక్కువని ఇప్పుడు తెలిసింది. ఈ హాల్లో ఉన్న అమ్మలకి, నాన్నలకి, మా ఆవిడకి ఇది ఎప్పటి నుంచో తెలుసు. వాళ్లందరికీ నేను ఆలస్యంగా నమస్కారం పెడుతున్నాను. నాతో దూకినవాళ్లకి, నా పారాచూట్ మడిచినవాళ్లకి, నన్ను చెట్టు మీంచి దించినవాళ్లకి కృతజ్ఞతలు.

ఇక ఒక్క పని మిగిలింది. దయచేసి అందరూ లేచి నిలబడండి. అధ్యక్షుల వారు కూడా దిగి వరుసలోకి రావాలి సార్. అందరూ ముందుకే తిరిగి ఉండండి. నేను ఇప్పుడు మైకు వదిలేసి, ఈ మెట్లు దిగి, మోకాలు ఒప్పుకున్నంత వేగంగా నడిచి, హాల్లో అందరికంటే వెనక నిలబడతాను. నా ముందున్నవారి భుజం మీద చరుస్తాను. మీరు మీ ముందున్నవారికి అందించండి. డ్రైవర్లు, వంటవాళ్లు, అమ్మలు, నాన్నలు, పిల్లలు, ఎవరూ తప్పించుకోవద్దు. మెల్లగా తట్టకండి, అనుమానం వస్తుంది.

అందరికంటే ముందు పిచ్చుక నిలబడుతుంది. ఆమె వెనక కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో పొద్దున్నే నేను చెప్పి ఉంచాను. వదినా, చివరి చరుపు నీది. ఆయన చరిచినట్టే చరుచు.

పిచ్చుకా, వెనక్కి తిరగకు. నీకు ఆకాశమే కనిపిస్తుంది. మేమంతా వెనకే ఉన్నాం.

వస్తాను. సెలవు.