పుస్తకంలో లేని సిప్రోస్

కాదు సిప్రోస్, నువ్వే చెప్పు. వంద కుర్చీలు వేయించానా? షామియానా కట్టించానా? నా జీవితమంతా నాలుగేళ్ళు కూర్చుని రాసి, సొంతంగా అచ్చేయించుకున్న పుస్తకమాయె! హోమాబే ఊరు సగం కదిలొస్తుందనుకున్నా. ఏదీ? పాస్టరుగారు ప్రార్థన చేసి, సోడా తాగి చక్కా పోయారు. ముప్పై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశానే, ఒక్క టీచరన్నా తొంగిచూసిందా?

ఆఖరికి మిగిలింది నువ్వు. నా సవతివి. అదీ అక్షరం ముక్క రానిదానివి!

నవ్వకు. ఆ ఒమేనా చేపల వేపుడు అక్కడ పెట్టు, తింటాలే.

పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావే, ఇటు తిప్పు. ఆఁ. ఫోటోలా? ఇదిగో, మన ఆయనా నేనూ. పక్కన నువ్వుండాలి కదా అంటావా? ఉన్నావు. పేజీలో పట్టలేదని ప్రెస్సువాడు కత్తిరించేశాడు.

...ఛ. అబద్ధం. నేనే కత్తిరించమన్నాను.

ఎందుకంటే ఏం చెప్పనే? నిన్ను రాస్తే ఆ రెండేళ్ళూ రాయాలి. టీచరు ట్రైనింగుకని కిసుము పోతూ, ఎనిమిది నెలల నా బిడ్డ ఒగోలాని నీ ఒళ్ళో పడేసి వెళ్ళాను కదూ! నీ కూతురికిచ్చే పాలే వాడికీ పట్టావు. సెలవులకొచ్చి చేతులు చాపితే, వాడు గుక్కపట్టి ఏడ్చి నీ గౌను వెనక దాక్కున్నాడు.

అప్పుడు నువ్వేం చేశావు? వాణ్ణి నా చేతుల్లో పెట్టి జొన్నచేలోకి వెళ్ళిపోయావు. సాయంత్రం దాకా రాలేదు. 'వాడికి నువ్వు అలవాటు కావాలి కదక్కా' అన్నావు. ఎంత మండిందో నాకు! రెండు తిట్టినా బావుండేదే తల్లీ.

పుస్తకంలో ఏం రాశానో వింటావా? 'చదువుకుంటూనే నా కొడుకుని నా చేతులతోనే పెంచుకున్నాను.' ఎంత అందంగా అచ్చయిందో!

లేస్తున్నావేం? కూర్చో. కాసేపు కూర్చో చెల్లీ. ఒగోలా ఎందుకు రాలేదని అడగవేం?

నైరోబీలో పనుందని అందరికీ చెప్పాను. పనీ లేదు, పాడూ లేదు. మొదటి కాపీ వాడికే పంపాను. మొన్న ఫోన్ చేశాడు. 'మొత్తం చదివాను. ఇందులో మా అమ్మ ఎక్కడుంది?' అన్నాడు.

'నేనే కదరా రాసింది' అన్నాను.

పెట్టేశాడు.