గాలి సోకిన కారు

గాలంట, గాలి! నా చెయ్యి పడినందుకు కారుకు గాలి సోకిందంట! ఆ మాట ఇంకోసారి అను పెదనాయనా. ఈ మెకానిక్ నందకుమారన్న ముందర అను.

మొన్న గుడియాత్తంలో నోరు బాగానే లేచిందే! కాలేజీనుంచి వస్తా ఉంటే స్టీరింగ్ ముందర ఎర్ర లైటు వెలిగి బండి నిలబడిందని నేను చెప్పినానో లేదో, వీధంతా వినేటట్టు అరిస్తివి. "ఆడపిల్ల స్టీరింగ్ పట్టింది, లచ్చలు పోసిన బండి కూలబడింది!" అని. తాళంచెవి పెరుక్కుంటివి. గుమ్మడికాయ కొట్టిస్తివి. లైటు ఆరిందా? లాగుడు బండికి కట్టి వేలూరుదాకా తెస్తిమి కదా.

నాకు యువరాణి అని పేరు పెట్టినోడివి నువ్వే. రాణికి తాళంచెవి మాత్రం ఈయవు!

కూర్చో. ఆ టైరు మింద కూర్చో, మోకాళ్ల నొప్పులు కదా నీకు.

ఇదో, వెనక సీటు పెరికినాడు అన్న. ఈ పెట్టె చూసినావా? బ్యాటరీ. కొంత పెట్రోలుతో, కొంత దీంతో నడిచే బండి ఇది. మదరాసులో ఆ సేటు అమ్మేటప్పుడు చెప్పలా? చెప్పింటాడు. నువ్వు రంగు చూస్తా ఉండింటావు.

"నీళ్లు పోసినావా, నీళ్లు పోసినావా" అని నన్ను చంపితివే, యాడ పోసేది? మూతే లేదు దీనికి! ఇది నీళ్లు తాగే బ్యాటరీ కాదయ్యా, గాలి పీల్చేది. పని చేస్తే మనలాగే ఒళ్లు కాగుతాది. సీటు పక్కన జల్లెడ ఉండాదే, అందులోంచి చల్లగాలి లాగి లోపల ఫ్యాను దాన్ని చల్లారుస్తాది. ఊపిరాడితే పదేండ్లన్నా వచ్చేది.

ఆ జల్లెడ మింద ఏముండింది? చెప్పు. పట్టిమండ్రంలో, అదే మా కాలేజీ వాదాల పోటీలో, గెలుపెప్పుడూ నాదే, తెలుసునా?

నీ మగ్గం గుడ్డ! "కారు కొంటే సరా, గుడియాత్తం గుడ్డ పరచాల" అని దుప్పటంత మందాన కవరు కుట్టిస్తివి. బొక్కలు కనిపిస్తే అసయ్యమని వాటి మిందకే లాగి బిగిస్తివి. ఆపైన లుంగీల మూటలు. ఫ్యానులోంచి తీసిన నూగు చూడు, దిండు కుట్టొచ్చు! ముక్కూ నోరూ కట్టేసి పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తుతావా?

గాలి సోకి కాదు పెదనాయనా, గాలి సోకక పడిపోయింది!

పెట్టెంతా మార్చే పని లేదంట. లోపల రెండు గదులు, సెల్లులంటారే, అవి చెడింటే మార్చినాడు. ఇంకెన్నాళ్లు వస్తాదో అన్నకూ తెలీదు.

ఏంది, తాళంచెవి చాపుతా ఉండావు? బిచ్చమా ఇది? అదే వీధిలో నిలబడి, అరిచిన ఆ గొంతుతోనే చెప్పాల, "గాలి ఆడనీయంది నేనే" అని. చెప్పవా? సరి, నువ్వే నడుపుకొని పో. ఓ, నీకు రాదు కదా!

ఏమంటివి? గట్టిగా. ఆఁ... విన్నావా నందకుమారన్నా? చెప్తాడంట!

ఒకటి చెప్పేదా? ఆ లైటు వెలిగినప్పుడు, నువ్వు అరవకముందే, నేను నా చేతులు తిప్పి చూసుకున్నాను. వీటిలో నిజంగా ఏమన్నా ఉండాదా అని. పట్టిమండ్రం వేదిక మింద అంతమంది నోళ్లు మూయించినదాన్ని! చిన్నప్పటినుంచి వింటా ఉండే మాట, నాకూ సోకింది. ఆ నూగు దులిపేదానికి మెకానిక్ యాడుండాడు?

పోనీలే. ఎక్కు. వెనక కాదు, ముందర కూర్చో.

వెనక గాలి ఆడాల.