తోక కొవ్వూ కార్జమూ

మంగిస్తావ్ మైదానంలో ఒంటెలు ఒళ్ళు చేసే కాలం. ముసలి ఉతెగెన్ పొరుగు గుడారంలో ఉండే కనీపా మీదికి తగువుకొచ్చాడు. ఆ తగువు గుమ్మం దాటి లోపలికి, చాయ్ దాకా వచ్చింది.

"...మా ఒంటెపిల్లని చేత్తో తడిమి చూడు! మూపురం మధ్యలో నొక్కు! ఒంటి మూపురం తల్లికి నొక్కు మూపురం పిల్ల ఎలా పుడుతుంది, కనీపా?"

"నన్నడుగుతారేంటి పెద్దాయనా? కన్నది మీ ఒంటె."

"కన్నది నాదే. తండ్రెవరు? ఈ చుట్టుపక్కల రెండు మూపురాల పోతు నీ ఒక్కదాని దగ్గరే ఉంది."

"పుట్టినప్పుడేమైంది మీ కంటికి?"

"పుట్టినప్పుడు మూపురం ఎక్కడుంటుంది? ఖాళీ సంచిలా వేలాడే తోలేగా! ఇప్పుడు మేత మేసి కొవ్వు పట్టాక బయటపడింది, నీ పోతు చేసిన నిర్వాకం."

"పోనీండి. చాయ్ తాగండి."

"చాయ్ తాగుతాను. గొర్రె తోక కొవ్వూ కార్జమూ మాత్రం పెట్టకు. అవి రెండూ కలిపి నోట్లో పడితే మన ఆచారంలో పెళ్ళి సంబంధం ఖాయమైనట్టే. నా మనవరాల్ని నీ కొడుక్కివ్వనని అందరి ముందూ అన్నాను. అన్నానంటే అన్నానంతే."

"ఎవరు పెట్టారిప్పుడు? మీరే ఆ మాట ఎత్తుతున్నారు. ...రైహాన్ ఏం చేస్తోంది?"

"ఏడుస్తోంది."

"మా బెకెత్ తిండి మానేశాడు."

"ఆకలేస్తే తింటాడులే."

"మావాడిలో వంకేంటసలు?"

"వాడిలో వంకేం లేదు. మీరు ఉత్తరాది వాళ్ళు, మేము ఎడారి వాళ్ళం. మీ ఒంటెలకి ఒళ్ళంతా బొచ్చు, మెడ కింద గడ్డం, మంచులో పడుకున్నా లెక్కలేదు. మావి పల్చటి వెంట్రుకలవి, ఎండకి ఓర్చుకుంటాయి, పాలెక్కువ. ఎక్కడివక్కడ ఉంటేనే అందం."

"మరి రెండూ కలిసి పుట్టిన పిల్ల తల్లినీ తండ్రినీ మించి బరువు మోస్తుందని చెప్పిందెవరు? మీరే. మా ఆయన బతికున్న రోజుల్లో, ఇక్కడే కూర్చుని."

"...అది ఒంటెల సంగతి."

"మనుషులకైనా ఏడు తరాల అవతల సంబంధం చూడమనే కదా పెద్దలన్నది! అయినా, అంత పనికిరాని ఒంటెపిల్లైతే అన్నిటికంటే ముందు దానికే మేత పెడుతున్నారెందుకు, మీ చేత్తో?"

"ఎవరు చెప్పారు?"

"రైహాన్."

"...చాయ్ చల్లారింది. ఇంకో గిన్నె పొయ్యి."

"ఒంటె తన కలిమి వీపు మీద పెట్టుకుంది. గొర్రె తోకలో పెట్టుకుంది. ముళ్ళపొద ఎవరికీ కనపడకుండా వేళ్ళలో దాచుకుంది. మీ మంచితనం ఎక్కడ దాచారో మాత్రం అంతుబట్టదు పెద్దాయనా. ఆ ముక్కులోనా?"

"నా ముక్కు జోలికి రాకు."

"సైగా జింకకి అంత ముక్కుందంటే అర్థముంది. ఎండాకాలం దుమ్మాపుతుంది, చలికాలం గాలి వెచ్చబెడుతుంది. మీకెందుకు?"

"ఎందుకా? ఎవరి పొయ్యి మీద ఏముడుకుతోందో కదలకుండా చెప్తాను! నోట్లో పడ్డ కొవ్వు ఏ జంతువుదో, ఎక్కడిదో చెప్తాను!"

"కోతలు."

"పందెం!"

"కళ్ళు మూసుకుని?"

"మూసుకునే! ఇదిగో, మూశాను. తే."

"తెరవకూడదు మరి. నోరు తెరవండి, చాలు."

"ఊఁ... గట్టిగా ఉంది. ఒంటె మూపురం. పోయిన చలికాలానిది."

"అబ్బో! మరి ఇది?"

"గుర్రం జూలు కింది కొవ్వు. ఉప్పెక్కువేసింది నీ కోడలు."

"ఇంకొక్కటి. ఇది కొంచెం పెద్దది, బాగా తెరవండి."

"ఊఁ... వెన్నలా ఉంది... గొర్రె... గొర్రె తోక. పక్కన ఇంకేదో... పిండి పిండిగా..."

"చెప్పండి."

"తెలిసిందిలే."

"పైకి చెప్పండి పెద్దాయనా. తెర వెనక మా పెద్దాడూ కోడలూ వింటున్నారు."

"...కార్జం."

"మింగేశారు! అయిపోయింది! ఇక కక్కినా లాభం లేదు, కళ్ళు తెరవండి వియ్యంకుడు గారూ! ...అయ్యో, కోపమా? మోసమే, ఒప్పుకుంటాను. పిల్లలిద్దరి మొహాలూ చూడలేకపోయాను, ఏం చెయ్యమంటారు?"

"అరవకు. నేనన్న మాట నేను దాటలేదు, నువ్వు మోసం చేసి తినిపించావు. అందరికీ అలాగే చెప్పు. రైహాన్‌కీ అలాగే చెప్పు."

"అలాగే, అలాగే. ...అదేంటి, నవ్వుతున్నారు?"

"కార్జం వాసన పొద్దున్నే మా గుడారం దాకా కొట్టింది, కనీపా. లేకపోతే ఒంటెపిల్ల వంక పెట్టుకుని ఇవాళే ఎందుకొస్తాను?"