కొట్రేశ్ స్కోరు

కూరెకుప్పలో మిట్టమధ్యాహ్నం. మహాదేవి వసారాలో రొట్టెల పెనం పక్కన ఫోన్ నేలమీద వెల్లకిలా పడి పాట పాడుతోంది. ఆ పాట ఆగి మనిషి గొంతు ఎప్పుడు వినిపిస్తుందా అని మహాదేవి, పక్కింటి ఉరుకుందమ్మ దానికి చెరోవైపు కూర్చున్నారు.

“ఇంగా ఎంతసేపే ఈ పాట? నా పెండ్లిలో గూడా ఇంతసేపు వాయించల్యా.”

“గమ్మునుండత్తా. పెట్టేస్తే మళ్లా మొదట్నుంచి రావల్ల. కన్నడకి రెండు నొక్కితే లైను బిజీ. అందుకే తెలుగుకి నాలుగు నొక్కినాను. దీంట్లోనన్నా ఎవురైనా ఎత్తుతారేమో.”

“నాకు తెలీకడుగుతా, దుడ్డు కట్టేది ఆపేస్తే సరిపాయ గదా? నెలనెలా నీ ఖాతాలోంచే గదా పట్టుకుంటాండేది?”

“దుడ్డు ఆపేదెంతసేపు. యాప్‌లో ఆయప్ప ఖాతా తీసేసేదాకా మెసేజీలు ఆగవంట. ఆయప్ప యాడ లోన్ తీసుకున్నా నా ఫోన్ టింగుమంటాది. ‘కొట్రేశ్ గారూ, మీ పేరు మీద కొత్త లోన్’ అని.”

“డ్యూటీకి పోయొస్తానని పోయిన మొగుడు రెండేండ్లయినా రాల్యా. వాని లోన్లు మాత్రం ఇంటికి టైముకి వస్తాండాయి.”

“ఫ్యాక్టరీలో ఎవురో ఎవురి కార్డు మీదనో దొంగలోన్ తీసుకున్నారని, ఆ భయానికి పెట్టించినాడు ఈ యాప్. అప్పుడు ఆయప్ప ఫోన్ చెడిపోయుండె. నా నంబరు, నా బ్యాంకు ఖాతా ఇచ్చినాడు. ఆ తర్వాత మర్చిపోయినాడు.”

“నిన్ను మర్చిపోయినట్ల.”

“నన్ను మర్చిపోతే పోనీ. నంబరన్నా గుర్తుపెట్టుకుని తీసేసింటే నాకీ బాధ లేకపోవు.”

“మొదటి మెసేజీ వచ్చిన దినం నువ్వు ఏడిస్తివి. బతికుండాడు అత్తా, బతికుండాడు అని వీధంతా వినపడేటట్ల.”

“ఏడిస్తి. సిరుగుప్పలో బండికి లోన్. నువ్వు పోయి టెంకాయ కొట్టొస్తివి.”

“కొడితి. వెనక్కిచ్చేటట్లుంటే ఆ కాయ తెచ్చుకుందునే.”

“స్టేషన్‌కి పోయి చూపిస్తే ఏమనిరి? బతికున్నోడు మిస్సింగ్ ఎట్లయితాడమ్మా అని ఫైలు మూసేసిరి. నేనే బస్సెక్కి సిరుగుప్పకి పోతి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్టాండ్ కాడ నిలబడి, వచ్చే బండి పోయే బండి చూస్తి. అందరూ కొట్రేశ్ మాదిరే కనపడిరి. ఎవురూ కొట్రేశ్ కాల్యా.”

“తర్వాత ఫ్రిజ్జి.”

“ఫ్రిజ్జి. ఆ తర్వాత ఇస్కూలు ఫీజు.”

“ఆ ఫీజు చూసినప్పుడే చెప్తిని గదా నేను! బిడ్డతల్లి ఎవతో తగులుకునిందని. ఆ టక్కులాడి పిల్లోన్ని ముందర పెట్టి నీ మొగున్ని కట్టేసుకునింది. దాని నోట్లో మన్ను పడ.”

“మొన్న వాషింగ్ మిషన్ అత్తా. దాంతో నాకు చాలనిపించె. ఈడ ఎర్రదుమ్ము పట్టిన దుప్పట్లు బండకేసి బాదుతాండా. చేతులు తుడుచుకుని ఫోన్ చూస్తే, ఆడ వాషింగ్ మిషన్. నా దుడ్డు కట్టి, ఆయప్ప సంసారం సీరియల్ మాదిరి చూస్తాండా నేను.”

“ఏయ్, పాట నిల్చిపాయ చూడు.”

“నమస్కారం, స్కోర్ కావలి వినియోగదారుల సేవకు స్వాగతం. నా పేరు ఉష. నేను కొట్రేశ్ గారితో మాట్లాడుతున్నానా?”

“ఆయప్ప లేడు తల్లీ. నేను వాళ్లింటామెను. ఇది తీసేయల్ల.”

“తీసేయడం అంటే, మేడమ్?”

“రద్దు. రద్దు చేయల్ల.”

“క్షమించండి మేడమ్. రద్దు చేయమని ఖాతాదారు గారే స్వయంగా అడగాలి. సార్ ఎక్కడున్నారు?”

“అది మీకే బాగా తెలుసు.”

“మేడమ్?”

“ఏం లేదు. ఉండండి, పిలుస్తా.”

“నొక్కినావా? దానికి మన మాట వినపడదా?”

“వినపడదు, మ్యూట్ చేసినా. ఏం చేసేదత్తా ఇప్పుడు? స్వయంగా అడగల్లంట.”

“నేనడుగుతా.”

“నువ్వా?”

“నా గొంతుకేమే? కిరాణం అంగడికి ఫోన్ చేస్తే అందరూ సార్ అనే అంటారు.”

“బేడ, వద్దత్తా. దొరికిపోతాం.”

“దొరికితే ఏం చేస్తారు, నీ మొగున్ని తెచ్చిస్తారా? తియ్యి మ్యూటు. హలో! నేను కొట్రేశ్‌ను మాట్లాడతాండా.”

“నమస్కారం సార్. ధ్రువీకరణ కోసం మీ పుట్టిన తేదీ చెబుతారా?”

“పుట్టిన తేదీనా... ఏమే! నేనెప్పుడు పుట్టినానే?”

“జూన్ ఒకటి, ఎనబై ఐదు.”

“జూన్ ఒకటంట. ఎనబై ఐదు.”

“ధన్యవాదాలు సార్. పాన్ కార్డులో చివరి నాలుగు అక్షరాలు?”

“అది గూడా మా ఇంటామే చెప్తాది. నాకు సంబంధించినవన్నీ ఆమెకే నోటికొచ్చు.”

“ఎనిమిది, ఏడు, రెండు, కె.”

“సరిపోయింది సార్. మీ గొంతు కొంచెం బరువుగా ఉంది. ఒంట్లో బాగానే ఉందా?”

“ఫ్యాక్టరీ దుమ్ము తల్లీ. నెత్తిన పడేది పోను మిగిలింది నేనే మింగుతాండా.”

“జాగ్రత్త సార్. రద్దు ఎందుకో తెలుసుకోవచ్చా? మా సేవ ఉపయోగపడలేదా?”

“ఉపయోగం ఎక్కువైపాయ.”

“సందేశాలు ఆలస్యంగా వస్తున్నాయా?”

“లేదు లేదు. సామాను దిగకముందే మెసేజీ దిగుతాండాది.”

“సంతోషం సార్. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇప్పుడు ఆపేస్తే మీ పేరు మీద ఎక్కడ ఏం జరుగుతున్నా మీకు తెలియదు.”

“అదే కావల్ల మాకు.”

“మీకు తెలియకుండా ఇంకెవరైనా కొట్రేశ్ అని చెప్పుకుని మీ పేరు వాడుకుంటే?”

“ఆఁ... వాడుకుంటే వాడుకోనీ తల్లీ, పాపం.”

“సార్, మీకోసం ఒక ప్రత్యేకమైన అవకాశం ఉంది. కుటుంబ ప్లాన్. అదే ధరకు మీ శ్రీమతి గారి ఖాతాలను కూడా మేమే కనిపెట్టుకుని ఉంటాం.”

“యా శ్రీమతి?”

“సార్?”

“దగ్గు. దగ్గొచ్చె. బేడ తల్లీ, కుటుంబం అస్సలు బేడ. తీసేయ్.”

“సరే సార్. చివరిగా ఒక్క మాట. రద్దు చేశాక కొత్త సందేశాలు రావు. యాప్‌లో ఉన్న పాత సందేశాలు కూడా కనిపించవు. ఖాయం చేయమంటారా?”

“చెయ్... ఏమే, ఎందుకట్ల చెయ్యి పట్టుకుంటావు?”

“పాతవి గూడా పోతాయా అత్తా?”

“సార్, లైన్‌లో ఉన్నారా?”

“ఒక నిమిషం తల్లీ, మా ఇంటామె ఏందో అడుగుతాండాది. నొక్కే, నొక్కు. నొక్కినావా? ఇప్పుడు చెప్పు, ఏమైంది?”

“ఇది పోతే ఆయప్ప బతికుండాడో లేదో ఇంగ ఎట్ల తెలుస్తాది?”

“తెలిసి ఏం చేస్తాండావే నువ్వు? అది టింగుమన్నప్పుడల్లా ఒక రొట్టె మాడుస్తాండావు. అంతే గదా?”

“నవ్వనంటే చెప్తా. మెసేజీ వచ్చిన ప్రతిసారీ ఒకటే అనుకుంటా. సరే, బండి కొనిచ్చె. ఫ్రిజ్జి కొనిచ్చె. ఆయమ్మ ఇల్లు నిండిపోతే, ఇంగ అడిగేదానికి ఏమీ మిగలకపోతే, ఈపక్కకి వస్తాడేమో అని.”

“పిచ్చిదానా. ఆడోళ్ల ఇల్లు నిండేదుంటాదా?”

“నవ్వనంటివి.”

“నవ్వల్యా. నా మొగం చూడు, నవ్వుతాండానా? ఆరేండ్లు కాపురం చేసినావు. రెండేండ్లు ఫోన్ చూసినావు. నీకింగా ముప్పై నాలుగు నిండల్యా. ఫ్యాక్టరీ క్యాంటీనోళ్లు నీ రొట్టెలే కావల్లంటాండారు, పెద్ద పెనం కొందామంటే నువ్వు ఫోన్ చూస్తా కూర్చుంటావు. చెప్పు, ఏమనమంటావు ఆ పాపకి?”

“తీసేయమను.”

“మళ్లా నా మీద ఏడవకూడదు.”

“తీసేయమనత్తా. తొందరగా.”

“హలో. తీసేయ్ తల్లీ.”

“సరే సార్. ఒక్క క్షణం... మీ ఖాతా రద్దయింది.”

“అయిపాయనా?”

“అయిపోయింది సార్.”

“అంతేనా?”

“అంతే సార్.”

“ఇంతేనా అత్తా? గుండె పట్టుకుని కూర్చుంటి నేను. పన్ను పీకినంత నొప్పి గూడా లేదే.”

“సార్, ఇంకో చిన్న విషయం. ఇన్నేళ్లు మాతో ఉన్నందుకు, వెళ్లేముందు మీ పూర్తి రుణ చరిత్ర ఒకసారి ఉచితంగా చదివి వినిపిస్తాం. మీ ప్లాన్‌లో కొత్తగా తీసుకున్నవి మాత్రమే తెలిసేవి. ఇది మొదటి నుంచీ ఉంటుంది.”

“బేడ అత్తా. అయిపాయ గదా, పెట్టేయ్.”

“ఊరకే ఇస్తాంటే ఎందుకొద్దంటావే? రెండేండ్లు కట్టినావు, చీరంగట్లో గూడా చివర్లో ఒక సంచి ఇస్తారు. చదువు తల్లీ, చదువు.”

“ధన్యవాదాలు సార్. అన్నిటికన్నా పాతదాంతో మొదలుపెడతాను. గృహ రుణం, సిరుగుప్ప. ఇద్దరి పేర్ల మీదా ఉంది. మీరు, మీ భార్య సరోజినీదేవి గారు.”

“ఓహో! ఇల్లు గూడా కట్టించుకునిందా టక్కులాడి!”

“సార్?”

“దగ్గు తల్లీ, దగ్గు. ఇంతకీ ఆ ఇంటి లోన్ నేనెప్పుడు తీసుకుంటి? పోయినేడా?”

“లేదు సార్. రెండు వేల పదమూడు, మే నెల.”

“ఇరవై మూడు.”

“పదమూడు సార్.”

“సరిగ్గా చూడు తల్లీ. ఇరవై మూడుంటాది.”

“పదమూడే సార్. పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఒక్క వాయిదా కూడా తప్పలేదు మీరు. మీ క్రెడిట్ స్కోరు అంత బాగుండడానికి కారణం ఆ ఇల్లే. నిజం చెప్పాలంటే, మీలాంటి నమ్మకస్తులు మాకు అరుదుగా కనిపిస్తారు.”

“తల్లీ, నేను... నేను వాళ్లింటామెను. ఒక మాటడుగుతా. రెండు వేల పదిహేడులో కట్టినాడా? ఆ తర్వాత, పద్దెనిమిది, పంతొమ్మిది, అప్పుడు గూడా?”

“నమస్కారం సరోజినీదేవి గారూ! కట్టారు మేడమ్. ప్రతి నెలా, తేదీకి ముందే. కరోనా అప్పుడు బ్యాంకులే ఆగమన్నా సార్ ఆగలేదు. అదృష్టవంతులు మేడమ్ మీరు. తర్వాతది చదవమంటారా?”

“చాలు తల్లీ.”

“సరే మేడమ్. ఈ రోజు మా సేవ మీకు తృప్తినిచ్చిందా? ఒకటి నుంచి అయిదు వరకు...”

మహాదేవి ఫోన్ పెట్టేసింది. పెనం మీది రొట్టెను తీసే ధ్యాస ఇద్దరికీ లేకపోయింది.

“ఏదన్నా మాట్లాడే. నాకు భయమైతాండాది. మీ పెండ్లి పదిహేడులోనే గదా?”

“ఊఁ. సండూరు గుళ్లో. తనకెవురూ లేరనె. మా వైపు నువ్వు నిలబడితివి, ఆయప్ప వైపు కాంట్రాక్టరు నిలబడె.”

“వారంలో రెండు దినాలు డబుల్ డ్యూటీ అని పోతాండె...”

“లెక్కపెట్టొద్దత్తా ఇప్పుడు.”

“ఆ పాప తప్పు చదివిందేమోనే. వేరే కొట్రేశేమో. మళ్లా ఫోన్ చేసి అడుగుదామా?”

“ఏమని అడుగుతావు? ఖాతా తీసేసిరి గదా.”

“అయ్యో. అయ్యో మహాదేవీ. ఇదంతా ఆ టక్కులాడి...”

“అనొద్దు.”

“అనకుండా? నీ మొగున్ని ఉంచుకున్నదాన్ని అనకుండా ఎవురిని అనేదే?”

“నన్ననత్తా. ఆరేండ్లు ఆయమ్మ మొగున్ని ఉంచుకున్నది నేను.”