టిక్కెట్టుకి తారీకు

అదురుష్టమంట మావా! ఇన్నావా? ఊరు ఊరంతా ఇదే మాట. సముద్రాల అవతలున్న అన్న టయానికి వచ్చీసినాడు, తమ్ముడి తల ఒళ్ళో ఎట్టుకున్నాడు, పాడె మోసినాడు, అలాటి సావు ఎవలికొస్తాది అని. పాలమ్ముకునీ కుమారి కూడా నా సెయ్యట్టుకుని అదే అన్నాది. నాను తలూపినాను. ఊపక ఏటి సెయ్యను? ఎవలితో సెప్పను?

నీతోనే సెప్పాల. అందుకే వచ్చినాను. ఈ సరుగుడు తోటలో, ఈ ఇసక కింద పడుకుని నువ్వు నాకు అడ్డం రాలేవు గదా. బతికున్నన్నాళ్ళూ ఒక్క మాటైనా పూర్తిగా సెప్పనిచ్చినావేటి? ఈయేళ సెప్తాను. ఇను.

ఆ మైళ్ళు మావా. అవే మన కొంప ముంచినాయి.

మైళ్ళంటే ఏటో నాకు మొదట్లో తెల్దు. మీ అన్నియ్య ధనరాజు బావది సముద్రంలో పైపులకి వెల్డింగు సేసీ పని. ఇయ్యాల మస్కట్ అంటాడు, రేపు సింగపూరంటాడు, ఆ తరవాత నోరు తిరగని ఊరేదో. కంపెనీయే విమానం ఎక్కిస్తాది. ఎప్పుడూ ఒకే కంపెనీ విమానం. ఎగిరిన దూరానికి ఆ విమానాలోళ్ళు మైళ్ళని పేరెట్టి ఈయన పేరున జమ రాస్తారు. బాగా పోగైతే ఒక టిక్కెట్టు ఊరికే ఇస్తారు. వల బాగుసేసుకుంటా నువ్వే సెప్పినావు. "సూసినావేటే, మా అన్నియ్య గాల్లో కూకున్నా కూలి పడతాది" అని నవ్వినావు.

ఆయనతో పని సేసినోళ్ళు ఆ మైళ్ళతో పెళ్ళాల్నీ పిల్లల్నీ తిప్పుకున్నారు. బావ ముట్టుకోనేదు. ఎందుకో నీకూ తెలుసు. మీ అయ్య జోగయ్య పోయినప్పుడు ఈయన నీళ్ళ మజ్జిన ఉండిపోయినాడు. అప్పటికప్పుడు టిక్కెట్టు కొనాలంటే మండిపోతన్నాది, సేతిలో ఏటీ నేదు, మైళ్ళింకా అన్ని పోగవనేదు. నువ్వు ఫోను పైకెత్తి పట్టుకున్నావు. ఆయన అందులోంచి అయ్య మీద మట్టెయ్యడం సూసినాడు. సగంలో బొమ్మ పోయింది. ఆయన "అయ్యా, అయ్యా" అంటన్నాది మాత్రం మనకి ఇనబడతన్నాది.

ఆయేళే ఒట్టెట్టుకున్నాడు. ఇంట్లో మళ్ళీ ఆపదొస్తే ఆ మైళ్ళతో వచ్చి వాలిపోతానని.

ఆ తరవాత నీ కిడ్నీలు పోయినాయి. మన ఉద్దానంలో అదేటి కొత్తా? వీధికిద్దరున్నారు. పలాస ఎల్లి డయాలసిస్, మళ్ళీ ఇంటికి, మళ్ళీ పలాస. వల మీద సెయ్యేసీ బలం పోయింది. పడవలో నీ వాటా ఇంకోడికి ఇచ్చీసినావు. నాను సేపల గంప ఎత్తినాను. అప్పణ్ణించి ఆ మైళ్ళు ఎవలి కోసమో మనింట్లో ఎవలూ పైకి అనలేదు. నువ్వే అనీసీవోడివి. "అన్నియ్య నా సావుకి దాసుకుంటన్నాడు" అని. మీయమ్మ నీ నోటి మీద కొట్టీది.

వానల్లో గదా బావ కాణ్ణించి ఆ ఫోనొచ్చింది?

ఆ విమానాల కంపెనీ మునిగిపోతన్నాదట. పైలట్లకి జీతాల్లేవు. అద్దెకి తెచ్చిన విమానాల్ని ఆటి యజమానులు లాక్కుపోతన్నారు. బావ పని కాడ ఫోర్మేను నరసింగరావు, విజయనగరం ఆయన, ఇదివరకు ఇలాగే ఇంకో కంపెనీ మూతపడితే పోగేసినవన్నీ పోగొట్టుకున్నాడు. ఆయన బావని కూకోబెట్టి సెప్పినాడట. "ధనరాజూ, అవి మన డబ్బు కాదురా. ఆళ్ళు తలుపేసిన్నాడు అవీ పోతాయి. అడిగినా ఎవడూ ఇప్పించడు. ఈ వారంలోనే ఖాళీ సేసీ. ఆళ్ళ విమానానికి తియ్యకు. ఆళ్ళతో పొత్తున్న ఇంకో కంపెనీ ఉన్నాది గదా, దానికి టిక్కెట్టు తీసీ. టిక్కెట్టు సేతికొచ్చిందంటే ఇంక పరవానేదు" అని.

మంచి మాటే. నాను కాదంటానేటి? ఆయన సెప్పినట్టే జరిగింది కూడా.

గానీ టిక్కెట్టుకి తారీకు కావాల గదా మావా.

మైళ్ళకైతే తారీకు నేదు. ఆపద ఎప్పుడొస్తే అప్పుడే. టిక్కెట్టు అలా కాదు. రావడానికో తారీకు, పోవడానికో తారీకు. తరవాత మార్సుకుందామంటే మార్సవలసినోళ్ళే మూసుకుపోతన్నారు.

"హేమమ్మా, ఏ తారీకు వెయ్యమంటావు?" అనడిగినాడు బావ.

నాను డయాలసిస్ గది బైట బల్ల మీద కూకున్నాను. నువ్వు లోపల ఉన్నావు. ఆయన ఏటడుగుతన్నాడో ముందు నాకు తట్టలేదు. తట్టినాక నువ్వున్న గది తలుపు కేసి సూసినాను. "అదేటి బావా, ఎప్పుడో ఒకప్పుడు రా, సూసి ఎల్లు" అన్నాను. "ఊరికే సూడ్డానికైతే ఇప్పుడొద్దమ్మా. ఉన్నాది ఒక్క టిక్కెట్టు. మళ్ళీ రాలేను" అన్నాడు. ఏడిసినాడు కూడా. ఆ మనిషిని తప్పట్టడానికేటీ నేదు.

డాక్టరుని అడిగినాను. ఎలా అడిగినానో నీకెప్పుడూ సెప్పలేదు. నా పెనిమిటి ఎన్నాళ్ళుంటాడు బాబూ, టిక్కెట్టు తియ్యాల అని అడుగుతారేటి ఎవలైనా? తిప్పి తిప్పి అడిగినాను. కుర్రోడు, మంచోడు. నా మొకం సూడకుండా కళ్ళజోడు తుడుసుకున్నాడు. "గుండె కూడా అలిసిపోయిందమ్మా. చలికాలం దాటడం కష్టం" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట మీయమ్మ సెవిలో వేసినాను. నువ్వు మంచం మీంచి అన్నీ ఇన్నావు. "గుసగుసలెందుకే, ఫోనిలాగియ్యి" అన్నావు. మీ అన్నియ్యతో నువ్వే మాటాడినావు.

"డిసెంబరు మొదట్లో వెయ్యి అన్నియ్యా. అప్పటికి సరిపోతాది."

సరిపోతాదట! పడవకి డీజిలు కొలిసినట్టు సెప్పినావు.

టిక్కెట్టు తీసినాడు. వారం తిరక్కుండా ఆ కంపెనీ విమానాలన్నీ నేల మీద కూకున్నాయి. టీవీలో సూపించినారు. కౌంటరు దగ్గర జనాలు అరుస్తన్నారు, ఏడుస్తన్నారు. ఫోను సేస్తే ఎత్తీవోడు నేడు. ఎవలి మైళ్ళు ఆళ్ళకి గాల్లోనే పోయినాయి. మనది మాత్రం మిగిలింది. ఎంత సంబరపడినాం మావా ఆ రోజు! నాను సందువా సేప తెచ్చినాను. అందరికీ పులుసు, నీకు నీళ్ళు కొలతే గదా, పులుసు తగలకుండా ముక్కలు. సిగ్గుగా ఉన్నాది ఇప్పుడు తలుసుకుంటే.

అక్కణ్ణించి మొదలైంది.

ఎవలూ ఏటీ అనలేదు. అనక్కర్లేదు గదా. సూడ్డానికొచ్చినోళ్ళు "మీ అన్న ఎప్పుడొస్తాడు?" అంటారు. ఆ మాటకి అర్థం ఏటో ఆళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు. మీయమ్మ ముందుసూపుతో పక్కింటోళ్ళ పెద్ద వంట గుండిగలు అడిగి తెచ్చి గోడవారన బోర్లించింది. నువ్వు సూసినావు. "ఎవలి పెళ్ళే అమ్మా?" అన్నావు. ముసిల్ది కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది.

తీరా నువ్వేటి సేసినావు? లేసి కూకున్నావు! కాళ్ళ వాపు తీసింది. అన్నం సయించింది. పొద్దున్నే తీరానికి నడిసెళ్ళి, పడవలొచ్చీది సూసి, ఏ వలలో ఏటి పడిందో నాకు సెప్పీవోడివి. నాను సంబరపడాల గదా? పడినాను. ఒట్టు, పడినాను మావా. గానీ నిన్ను సూసినప్పుడల్లా లోపల్నించి ఏదో "మరి టిక్కెట్టో?" అన్నాది. ఎంత తొక్కినా మళ్ళీ అన్నాది. నా నోటంట ఆ మాట రానేదు. నా మొకంలో కనబడిందేటి? అదొక్కటి సెప్పు. కనబడిందేటి?

బావ వచ్చినాడు. ఇశాపట్నంలో దిగి బస్సులో వచ్చినాడు. నువ్వు గుమ్మంలో నిలబడుంటే సూసి సంచీ అక్కడే పడీసి నీ భుజాలట్టుకున్నాడు. నువ్వేటన్నావు? "నానింకా తయారవలేదు అన్నియ్యా, తప్పట్టుకోకు" అన్నావు. అందరం నవ్వినాం. అందరికన్నా ముందు నవ్వాపింది నువ్వే.

మంచి రోజులే అవి. కాదన్ను. ఇద్దరూ పడవ నీడన కూకుని సిన్నప్పటి ఊసులు సెప్పుకున్నారు. ఆదివారం అరసవల్లి తీసుకెళ్ళినాడు. నీ ఆరోగ్గెం కోసం సూర్యుడికి మొక్కినాడు. నువ్వు సేతులు జోడించి సానాసేపు కళ్ళు మూసుకున్నావు. ఏటి మొక్కినావు మావా?

ఎల్లీ రోజు దగ్గరికొచ్చింది. బావ బట్టలు మడతెట్టుకుంటా మీయమ్మతో అన్నాడు. "ఈసారంటే టిక్కెట్టున్నాది గాబట్టి వచ్చినానమ్మా. రేపు వీడికేదైనా అయితే మళ్ళీ ఆ ఫోనులో సూడ్డమే" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. నువ్వు గోడకి తిరిగి పడుకున్నావు. నిద్దరోతన్నావనుకున్నాం.

మర్నాడు పలాస ఎల్లాల. "ఒంట్లో బాగున్నాది, ఈ పూటకి మానెస్తాను" అన్నావు. నాను దెబ్బలాడినాను. "అన్నియ్య ఉన్న నాలుగు రోజులూ ఆ సూదులేటే" అన్నావు. ఊరుకున్నాను.

లచ్చివారం నాను ఎండుసేపలట్టుకుని సోంపేట ఎల్లినాను. తిరిగొచ్చీసరికి కొబ్బరి సెట్టు కింద తాగీసిన బొండాలు. ఒకటి కాదు, కుప్ప. బావ సేతిలో కత్తి. మొకం ఎలిగిపోతన్నాది. "తమ్ముడు ఎన్నాళ్ళకో ఆశపడి అడిగినాడు హేమమ్మా. డాక్టరు ఒప్పుకున్నాడట గదా" అన్నాడు.

కిడ్నీ జబ్బోడికి బొండాం నీళ్ళు గుండె ఆపెస్తాయని ఉద్దానంలో సంటిపిల్లలకీ తెలుసు. పదిహేనేళ్ళు నీళ్ళ మీద తిరిగినోడికి తెల్దు. నీకు తెలుసు. ఆసుపత్రిలో నీ మంచానికి ఎదురుగా గోడ మీదే రాసుంటాది.

నాను నీ దగ్గరికొచ్చి కూకున్నాను. నీ పెదాలు తడిగా ఉన్నాయి. గుండెల మీద సెయ్యేస్తే లోపల ఎలాగో కొట్టుకుంటన్నాది. "ఏటి సేసినావు మావా?" అన్నాను, బావకి ఇనబడకుండా.

"అన్నియ్య శనివారం ఎల్లిపోతాడు గదే" అన్నావు.

అంతే.

ఆటో తెచ్చినాం. మందస రోడ్డు కూడా దాటనేదు. బావ ఒళ్ళో నీ తల. ఆయన నీ పేరు పెట్టి పిలుస్తానే ఉన్నాడు. "గంగులూ, ఒరే గంగులూ" అని. నాను నీ పాదాలట్టుకుని కూకున్నాను. ఆటోవోడు ఎనక్కి తిరిగి సూసి, సూసి, ఆపీసినాడు.

శనివారం పొద్దుట, మూడోనాడు, సిన్నదినం అయింది. మజ్జాన్నం బావ బయలెల్లినాడు. అది కూడా లెక్క సూసుకున్నావేటి? సెప్పు. సిన్నదినం దాకా ఆయనుండాలని, మట్టి సేతుల్తో విమానం ఎక్కకూడదని, అదీ సూసుకున్నావేటి?

ఎవడడిగినాడు నిన్ను? ఎవడడిగినాడు! టిక్కెట్టు పాడైపోతే పోనీ గదా. అన్ని వేలమందివి పోయినాయి, మనదీ పోయీది. బావ ఫోనులో సూసీవోడు, ఏడిసీవోడు, ఎలాగో బతికీవోడు. నాకు ఇంకో నెల ఉందువు. సలికాలమంతా ఉందువేమో! ఎండలు కూడా సూద్దువేమో! డాక్టరుకేటి తెలుసు? లేసి నడిసినావు గదా?

అన్నకి కడసూపు కావాలని సూసినావు. మరి నాకో? నాకేటి కావాలో ఒక్కసారి అడిగినావేటి?

లేకపోతే నిజంగా దాహమేనా మావా? అన్నేళ్ళు గుక్కలు కొలుసుకుని తాగినోడివి. సెట్టునిండా బొండాలుంటే సూస్తా కూకున్నోడివి. కడుపారా ఒక్కసారి తాగాలనిపించిందేమో. అలా అని సెప్పు, నమ్మీస్తాను. నిజంగా నమ్మీస్తాను.

సెప్పవు.

సోంపేట బస్సుల కాడ మీ అన్నియ్య ఎక్కబోయి మళ్ళీ దిగినాడు. సంచీ కిందెట్టినాడు. "హేమమ్మా, ఒక్క మాట. నాను కొట్టిచ్చిన ఆ బొండాలు… ఆటి మూలాన కాదు గదా?" అన్నాడు. ఆటోలో ఉన్నప్పణ్ణించి అదే అడగాలని నాలిక మీద ఎట్టుకున్నట్టున్నాడు.

"కాదు బావా" అన్నాను. "గుండె ఆగిపోయింది. ఎప్పుడో ఒకప్పుడు ఆగీదే. డాక్టరు ముందే సెప్పినాడు."

నమ్మినాడో నేదో. బస్సు కదిలిందాకా నా మొకమే సూసినాడు. నాను మొకం కదపనేదు. ఈసారి కదపనేదు.

ఆయన ఆ నీళ్ళ మజ్జిన ఒక్కడూ కూకుని నిప్పుతో పని సెయ్యాల. నిజం తెలిస్తే సెయ్యి నిలుస్తాదేటి? మీయమ్మకి సెప్తే ముసిల్ది ఆ పూటే పోతాది. అందుకని నాను మోస్తన్నాను. నీకు తెలుసు, నాకు తెలుసు. నీకేటి, పడుకున్నావు.

ఎల్తాను. ఒడ్డుకి పడవలొచ్చీసినాయి. ఆలీసెమైతే నా గంపకి ఎవలూ ముట్టని సేపలే మిగుల్తాయి.