విగ్రహం కింద పేరు

(శిల్పి షెడ్డు. గుడ్డ కప్పిన సైనికుడి విగ్రహం. రేపే ఆవిష్కరణ.)

"ముట్టుకోకండి పిన్నిగారూ, పాలిష్ ఇంకా ఆరలేదు! రేపు ఆ గుడ్డ ఎలాగూ మీ చేతే లాగిస్తారుగా?"

"అందరి ముందూ మొదటిసారి చూస్తే పడిపోతానేమో నాయనా. ఇప్పుడే చూసుకుని, ఏడుపేదో ఏడ్చేసి పోతాను."

"చూడ్డానికేముందీ... రాయి. నాది రాతి పని, మీది తలరాత పని."

"జోకులు రేపు వేద్దువుగాని. తియ్యి."

"విగ్రహ కమిటీ అధ్యక్షులవారు తిడతారండీ."

"కన్నతల్లి చూస్తే తిడతాడా? తియ్యి."

"సరే, తీస్తున్నా. ఉలి నాది, ఉలిక్కిపడటం మీది... తీశా."

"వీడు మావాడు కాదు."

"రాతిలో కాస్త మారుతుందండీ. మీరిచ్చిన ఫొటో గోరంత. అందులో సగం టోపీ."

"మావాడి గడ్డానికి గాటు. వీడి గడ్డానికి సొట్ట. ఈ సొట్ట నేనెరుగుదును. అధ్యక్షుడి కొడుకు!"

"మీరు ఫొటో తెచ్చేసరికి తల అయిపోయింది. నమూనాకి ఎవరో ఒకరు నిలబడాలిగా? పోయినవాళ్ళు పోజివ్వలేరు కదండీ."

"సైన్యంలో చేరే రోజు మావాడి వెనకే ఉన్నాడు వరసలో. చదును పాదాలు, ఎక్కువసేపు నిలబడలేడని డాక్టరు కాగితం చూపించి ఇంటికొచ్చేశాడు."

"ఇక్కడ మాత్రం నెల రోజులు, రోజుకి మూడు గంటలు. బూటు కదిపితే ఒట్టు. విగ్రహం కన్నా వాడికే నిగ్రహం ఎక్కువ."

"ఎవరి బూట్లు?"

"మీరిచ్చినవేనండీ."

"పక్కింటివాడివని, కొలతకి కావాలంటే ఇచ్చాను. మావాడి సామానుతో వచ్చినవి."

"మొదట్లో బిగుతన్నాడు. తర్వాత అలవాటైపోయాయట."

"సరేలే. ముఖం ఎవడిదైతేనేం? కింద మావాడి పేరుంది. అది చాలు. చాలుగా నాయనా?"

"చాలండీ, చాలు. టీ తాగుతారా?"

"మన ఊరి నుంచి యుద్ధంలో పదకొండు మంది పోయారు. మీవాడొక్కడే చచ్చాడా అని మిగతా పదిమంది తల్లులూ నాతో మాటలు మానేశారు. మావాడు ఏం గొప్ప పని చేశాడో తెలిస్తే వాళ్ళ మొహాన చెబుతాను. ఏం చేశాడట? నీకేమైనా చెప్పారా?"

"టీలో పంచదార ఎంత?"

"అడిగింది చెప్పు."

"...మొదట పేరు లేదు పిన్నీ."

"లేకపోవడమేంటి?"

"'అమరవీరుడు' అని ఒక్క మాట. పదకొండు మందికీ కలిపి. అదే చెక్కేశాను కూడా."

"మరి మావాడి పేరు ఎవరు చెప్పారు?"

"పేరంటూ ఎవరూ చెప్పలేదు. అధ్యక్షులవారి భార్య చూడ్డానికొచ్చి, కొడుకు ముఖం కింద ఆ మాట చదివి కళ్ళు తిరిగి పడిపోయింది. బతికున్న బిడ్డకి అపశకునం, నిజంగా చచ్చినవాడి పేరు ఏదో ఒకటి వెంటనే చెక్కమని గోల. సమయానికి నా కంటికి ఆ బూట్ల లోపల రాసున్న పేరొక్కటే కనబడింది పిన్నీ."