ప్లైవుడ్ గోడ మీదుగా

నా పేరు రూఫస్. మా నాన్న పేరు జడ్సన్. నా వయసు ముప్పై ఆరు. కోవూరు బజారులో లేజర్ మిషన్‌తో వస్తువుల మీద పేర్లు చెక్కే షాపు నడుపుతున్నాను. స్టేషన్‌లో ఎస్సై గారు అడిగిన మీదట ఇది చెబుతున్నాను.

నా షాపు, పక్కనున్న వనజాక్షి అక్క టైలరింగు షాపు ఒకే హాలు. మధ్యలో ప్లైవుడ్ గోడ ఉంది. గాలి ఆడాలని ఓనరు దాన్ని శ్లాబు దాకా కట్టలేదు. గోడకు అవతల అక్క ట్రయల్ రూము. అది అక్కడ ఉందని నాకు తెలుసు.

జనం తెచ్చే వస్తువులు పాడైతే ఇంకోటి దొరకదు. పోయిన నెల మా సంఘ పెద్ద హెన్రీ గారి బైబిలు తోలు అట్ట మీద పేరు వంకరగా కాలింది. ఆయన ఒక్క మాట అనలేదు. అదే నాకు నిద్ర లేకుండా చేసింది. పైనుంచి కెమెరా ఉంటే మిషన్ బెడ్ మీది వస్తువు కంప్యూటర్‌లో కనిపిస్తుంది, పేరును సరిగ్గా దాని మీదికి జరుపుకోవచ్చు. అందుకే కొన్నాను. వేరే కారణం లేదు.

మొదట కొన్నది తనంతట తానే ఫోకస్ మార్చుకునేది, బొమ్మ ప్రతిసారీ జరిగేది. తిరిగి ఇచ్చేశాను. రెండోది ఫోకస్ కదలనిది, బాగా వెడల్పుగా చూసే లెన్సు. మిషన్ మూతకు బిగిస్తే మూత తీసి వేసినప్పుడల్లా కదిలింది. సోమవారం పొద్దున పదకొండు గంటలకు వెల్డింగు పెంచల్ వచ్చి గోడకు ఇనప యాంగిల్ వేసి దానికి బిగించాడు. బెడ్ మూలలు రెండు కనపడలేదు. "ఇంకా పైకి లేపు పెంచలా" అని నేనే అన్నాను. నిచ్చెన వనజాక్షి అక్క పట్టుకుంది. "బద్రం తమ్ముడూ, పడితే నడుం ఇరగతాది" అంది. నిచ్చెన ఆమే పట్టుకుంది.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు విడవలూరు నుంచి రోజారమణి గారు పెళ్లి జాకెట్టు వేసుకుని చూసుకోవడానికి వచ్చారు. అవతల కేక వినపడింది. అక్క నా షాపులోకి వచ్చింది.

"ఏంది తమ్ముడూ అది? అద్దంలో ఎర్రలైటు కనపడతా ఉండాది."

"మిషన్ కెమెరా అక్కా."

"మిషన్‌దైతే నా అద్దంలో ఎందుకుండాది?"

రోజారమణి గారు అప్పుడే స్టేషన్‌కు ఫోన్ చేశారు.

ఎస్సై గారు షాపుకు వచ్చినప్పుడు కంప్యూటర్ తెరిచాను. తెర మీద బెడ్ ఒక్కటే ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "చూడండి సార్, ట్రయల్ రూము కనపడదు" అన్నాను. మహిళా కానిస్టేబుల్ గారు, "సాఫ్టువేరు పక్కలు కోసేసి చూపిస్తుందేమో. మొత్తం బొమ్మ తెరువు" అన్నారు. తెరిచాను. ఒక అంచున ప్లైవుడ్ గోడ, దాని మీదుగా అద్దం పైభాగం, బట్టలు తగిలించే కొక్కెం కనిపించాయి. కొక్కేనికి పచ్చ జాకెట్టు వేలాడుతోంది. అక్కడ మనిషి నిలబడితే ఎంతవరకు కనపడుతుందో నేను చూడలేదు. చూసే ధైర్యం లేదు.

సాఫ్టువేరు పాత బొమ్మలు దాచుకుంటుందో లేదో నాకు తెలియదు. దేవుని సాక్షిగా తెలియదు. దాచి ఉంటే మహిళా కానిస్టేబుల్ గారే చూడాలని, మగవాళ్లెవరూ చూడకూడదని కోరుతున్నాను. నేను కూడా చూడను.

ఆ రాత్రి నా భార్య షారన్ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "బుదవారం నేనూ ఆ గదిలోనే గదా జాకెట్టు ఏసుకోని చూసుకునింది" అంది. నేను ఏమీ చూడలేదని చెప్పాను. "నువ్వు చూళ్ళేదులే. అది చూసిందా?" అంది.

ఈ వాంగ్మూలంలో ముందు "కెమెరాకు ట్రయల్ రూము కనపడదు" అని నా మాటగా రాయించాను. తర్వాత ఆ వాక్యం కొట్టేయమన్నాను. "కేసు నీ మీదకే తిరగతాదయ్యా, ఆలోచించుకో" అని స్టేషన్ రైటరు జయరామయ్య గారు అన్నారు. ఆలోచించుకున్నాను. కొట్టేయించాను. నేను చూడలేదన్న మాట మాత్రం ఉంచాను.

ఇదంతా నా నోటితో చెప్పిందే. రాసింది చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు. కొట్టేసిన వాక్యం పక్కన ఒకటి, కింద ఒకటి సంతకం పెట్టాను.

(సం.) రూఫస్